గీత పూడేలోగా

మా అత్తకి ఇద్దరు మొగుళ్ళని మా నాన్న అంటుంటాడు. ఒకరు మావయ్య, రెండోది ఇంక్యుబేటర్. మావయ్యకి అన్నం పెట్టడం మర్చిపోయిన రోజులున్నాయి గానీ, ఇంక్యుబేటర్‌లో ఉన్నవాటికి మేత మార్చడం మర్చిపోయిన రోజు ఈ ఇరవయ్యేడేళ్ళలో ఒక్కటీ లేదు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. పరిశోధనలు చేసే ఒక పెద్ద సంస్థలో, కణాల గదిలో టెక్నీషియన్. కణాల గది అనగానే బెదిరిపోకండి. నాకు అర్థమైందంటే ఎవరికైనా అవుతుంది. మనిషి ఒంట్లోంచి తీసిన కణాల్ని ప్లాస్టిక్ సీసాల్లో, మూత ఉన్న డిష్‌లలో పెంచుతారు. ఒంటి వేడి ఎంతుంటుందో సరిగ్గా అంత వేడి ఉండే అలమరాలో పెడతారు. అదే ఇంక్యుబేటర్. తిండి ఏంటంటే గులాబీ రంగు నీళ్ళు. రెండ్రోజులకోసారి ఆ నీళ్ళు మార్చాలి. మార్చకపోతే చస్తాయి. మార్చి ముద్దు చేస్తే మరీ ఎక్కువై ఒకదాన్నొకటి తొక్కుకుని చస్తాయి. పసిపిల్లలకన్నా కష్టం. పైగా పెరిగి ఉద్యోగాలు కూడా చెయ్యవు.

ఇరవై మూడేళ్ళప్పుడు అక్కడ సీసాలు కడిగే పనికి చేరింది అత్త. అప్పట్లో ఉన్న పెద్ద టెక్నీషియనమ్మ రిటైరయ్యే ముందు ఎవరికైనా పని అప్పజెప్పాలని చూస్తుంటే, చదువుకున్నవాళ్ళందరి సీసాల్లో బూజు పట్టింది, ఈవిడ సీసాలో పట్టలేదు. కారణం ఏమీ లేదు, శుభ్రం. మా అత్త ముట్టుకునే ప్రతిదాన్నీ స్పిరిట్‌తో తుడుస్తుంది. ఇంట్లో టీవీ రిమోట్ మీద అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. మేం గుర్తుపెట్టుకుని నొక్కుతాం. మా పిల్లలందరికీ ఆవిడ స్పిరిటత్త.

మావయ్యది ఇంకో కథ. ఆ సంస్థ గేటు ముందు నుంచి వెళ్ళే సిటీ బస్సుకి డ్రైవరు. సాయంత్రం ఐదున్నర బస్సు. అత్త ఏ రోజూ ఐదున్నరకి గేటు దగ్గర లేదు. ఇంకో రెండు డిష్‌లున్నాయి, ఇంకొక్కటుంది అంటూ ఐదూ నలభైకి పరిగెత్తుకుంటూ వచ్చేది. ఆ పది నిమిషాలూ మావయ్య కిందికి దిగి వెనక టైరు తన్ని చూసేవాడు. తర్వాత ముందు టైరు. తర్వాత మళ్ళీ వెనకది. "ఏం బాబూ, రోజూ ఇదే స్టాపులో టైర్లకి జబ్బు చేస్తుందేంటి?" అని ఒక పెద్దాయన అడిగితే, "ఇక్కడి గాలి పడట్లేదండీ" అన్నాడట. ఆ పెద్దాయనే వాళ్ళ పెళ్ళికి సాక్షి సంతకం పెట్టాడు. ఇంతకాలం బస్సులో నిలబెట్టినందుకు భోజనమైనా పెట్టండి అని అడిగి మరీ వచ్చాడు.

ఇంత చెప్పింది ఎందుకంటే, వీళ్ళిద్దరూ గొడవపడే రకం కాదు. వెక్కిరించుకునే రకం. నేను వాళ్ళింటి పైవాటాలోనే ఉంటా. గొంతులు లేచాయంటే నాకు తెలియకుండా ఉండదు. మొదటిసారి లేచింది ఈ ఏడాదే.

మావయ్యకి అరవై రెండు. రిటైరయ్యాడు. మూత్రం దగ్గర ఏదో ఇబ్బందని పరీక్షకి వెళ్తే, రక్తంలో ఒక అంకె ఎక్కువుందన్నారు. ముక్క తీసి చూశారు. ప్రోస్టేట్ క్యాన్సర్. ప్రోస్టేటంటే మగాళ్ళకి మూత్రపు తిత్తి కింద చిన్న నిమ్మకాయంత ఉండే గ్రంథి. డాక్టరు మంచాయన, సూటిగా చెప్పాడు.

"ఇది పరిగెత్తే రకం కాదు. అలాగని ఉన్నచోట కూర్చునే రకమూ కాదు. ఇప్పటికైతే గ్రంథిలోనే ఉంది. బయటికి పాకకముందే తీసేస్తే హాయిగా ఉంటారు. పన్నెండో తారీఖు పెట్టుకుందామా?"

మావయ్య తలూపాడు. అత్త తారీఖు రాసుకుంది. ఇంటికొచ్చాక మావయ్యకి క్యాన్సర్ గుర్తులేదు, ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు మూత్రం ఆగదన్న ఒక్క ముక్కే గుర్తుంది.

"ప్యాడ్లు పెట్టుకోవాలట" అన్నాడు నాతో, మేడ మెట్ల మీద కూర్చుని. "ముప్పయ్యేళ్ళు జనాన్ని ఎక్కించుకుని తిరిగినవాణ్ణి. ఇప్పుడు చిన్నపిల్లాడిలా డైపర్ వేసుకుని డిపో స్నేహితుల ముందుకి వెళ్ళమంటావా?"

"వాళ్ళలో సగం మందికి పళ్ళే లేవు కదా మావయ్యా, నవ్వలేరులే."

"పళ్ళు లేనోళ్ళ నవ్వే ఇంకా ఎక్కువ వినిపిస్తుంది."

సరిగ్గా అదే నెలల్లో అత్త ల్యాబ్‌లో నడుస్తున్న పనేంటంటే, ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పొద్దున్న మొగుడి రిపోర్టు చదివి, పదింటికెళ్ళి అవే జాతి కణాలకి మేత వెయ్యాలి. అవి ఎవరో ఒకాయన ఎముకలోకి పాకిన గడ్డలోంచి ఏనాడో తీసినవి. ఆయన పోయి ఎన్నేళ్ళో అయింది. కణాలు మాత్రం దేశదేశాల్లో బతికేస్తున్నాయి, గులాబీ నీళ్ళు తాగుతూ.

వాటి మీద వాళ్ళు చేస్తున్నది వింటే నవ్వొస్తుంది ముందు. బ్యాక్టీరియాకి కూడా జబ్బులొస్తాయి. వాటిని పట్టడానికే వేరే వైరస్‌లున్నాయి, ఫేజ్‌లంటారు. అవి బ్యాక్టీరియా మీద వాలి, లోపలికి దిగి, వందల్లో పిల్లల్ని పెట్టి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తాయి. మన కణాల జోలికి మాత్రం రావు. ఆ తలుపు తాళంచెవి వాటి దగ్గర లేదు. కానీ అత్త వాళ్ళ సార్‌కి ఒక అనుమానం. లోపలికి దూరలేకపోతే పోయింది, పైన అంటుకోవచ్చు కదా అని. క్యాన్సర్ కణం పాకాలంటే నేలని చేత్తో పట్టుకుని తనని తాను ముందుకి లాక్కోవాలి. ఆ చేతిని పట్టుకునే ముక్క ఒకటి ఈ ఫేజ్ తల మీద ఉందట. పట్టుకుంటే పాకడం తగ్గుతుందా? అదీ ప్రశ్న.

దాన్ని చూసే పద్ధతి చాలా మొరటుది. డిష్ నిండా కణాలు పరుచుకున్నాక, పిపెట్ అనే సన్నటి గొట్టం మొనతో మధ్యలో ఒక గీత గీకుతారు. గీత పొడుగునా కణాలు ఊడిపోతాయి, ఖాళీ బాట ఏర్పడుతుంది. రెండు పక్కల కణాలూ ఆ బాటలోకి పాకుతూ వచ్చి పూడ్చేస్తాయి. గీసినప్పుడొక ఫోటో, ఇరవైనాలుగు గంటలకి ఒక ఫోటో. ఎంత పూడిందో కొలుస్తారు. గీత వంకరైతే కొలత వంకర. అందుకని ఆ సంస్థలో ఎవరికి గీత కావాలన్నా మా అత్త దగ్గరికే వస్తారు. స్కేలు అక్కర్లేదు, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు.

మొదటి ఫలితం వచ్చిన రోజు ఆ పని చేస్తున్న పీహెచ్‌డీ అమ్మాయి కుర్చీలోంచి లేచి రెండు గంతులేసిందట. ఉత్త ఉప్పునీళ్ళు పోసిన డిష్‌లో గీత దాదాపు పూడిపోయింది. ఫేజ్ పోసిన డిష్‌లో సగానికి పైగా ఖాళీగానే ఉంది.

అత్త ఆ ఆనందం కడుపులో పట్టక ఇంటికి మోసుకొచ్చింది. టీ పోస్తూ పోస్తూ చెప్పేసింది.

"ఏవండీ, ఇవాళ మా డిష్‌లో అవి సగంలో ఆగిపోయాయి."

"ఏవి?"

"అవే. మీలో ఉన్నలాంటివి."

మావయ్య కప్పు కింద పెట్టేశాడు. "ఏం పోస్తే?"

ఇంకేముంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. మర్నాటి నుంచి సాయంత్రం అత్త చెప్పులు విప్పకముందే ప్రశ్న సిద్ధం. "ఇవాళ ఎంత పాకాయి?" ఈవిడా మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అలాగే వచ్చిందని సంబరంగా చెప్పింది. మనిషి మొహంలో రంగు మారిందని మేమందరం సంతోషించాం. నేనైతే, "మావయ్యా, బ్యాక్టీరియాకి జలుబు చేయించే పురుగుని నువ్వు మింగాలా, ఫ్యాంటులో వేసుకోవాలా?" అని ఆట పట్టించా. ఆయన సీరియస్‌గా ఆలోచించాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆరో తారీఖు పొద్దున్న అత్త ఆసుపత్రికి ఫోన్ చేసింది, చేరేటప్పుడు ఏ కాగితాలు తేవాలో కనుక్కుందామని. అక్కడి క్లర్కు కంప్యూటర్లో చూసి, "ఆ పేరు మీద ఆపరేషన్ లేదమ్మా. పదకొండు రోజుల కిందటే రద్దు చేయించుకున్నారు" అన్నాడు.

"ఎవరు?"

"పేషెంటే చేశారమ్మా. ఇంకో మందు దొరికిందని చెప్పారు."

గొంతులు లేచింది ఆ పొద్దున్నే.

"ఏం మందండీ దొరికింది మీకు?"

"నువ్వే చెప్పావుగా."

"నేను డిష్ గురించి చెప్పా. మీరేమైనా డిష్షా?"

"ఇదిగో చూడు, కత్తి ఎక్కడికీ పోదు. మీ పురుగులొచ్చేదాకా ఓ ఏడాది ఆగితే..."

"అవి పురుగులు కావు. ఏడాది కాదు, పదేళ్ళైనా వస్తుందో రాదో. ఎలకలకే ఇంకా ఇవ్వలేదు. ఆలూ లేదు చూలూ లేదు, మీరప్పుడే..."

"మరి ఆ రోజు ఎందుకంత నవ్వావు?" అన్నాడు మావయ్య. "ఇరవయ్యేడేళ్ళలో ల్యాబ్ గురించి చెప్తూ నువ్వలా నవ్వడం చూళ్ళేదు నేను. లోపల ఏమీ లేకపోతే నవ్వుతావా?"

అందులో అబద్ధం లేదు. నిజంగానే నవ్వింది. నిజంగానే ఆశపడింది.

అక్కడి నుంచి ఆవిడ కాలుగాలిన పిల్లే. డాక్టరు చేత చెప్పించింది. మావయ్య ఫోన్లో "సరేనండీ, ఆలోచిస్తానండీ" అన్నాడు, పెట్టేశాక ఆలోచించలేదు. మా నాన్న చేత తిట్టించింది. బావమరిది తిట్లకి బావ కరుగుతాడా, ఇంకా గట్టిపడ్డాడు. ఆవిడకి అర్థమైపోయింది. ఈ మనిషి డాక్టర్ని నమ్మడు, నాన్నని నమ్మడు. నమ్మేది తన నవ్వుని. దాన్ని తనే వెనక్కి తీసుకోవాలి. కానీ ఎలా? నిజంగా ఆ ఫేజ్ పనిచేస్తుంటే?

ల్యాబ్‌లో కూర్చోలేక, నిలబడలేక, ఆ రోజు వరండా చివరికంటా నడిచి ఫేజ్ గదికి వెళ్ళింది. రెండు గదులకీ మధ్య నలభై అడుగులు. మామూలుగా ఎవరూ తిరగరు. ఫేజ్ గదిలోకి వెళ్ళినవాళ్ళని ఆ రోజంతా బ్యాక్టీరియా పెంచే గదిలోకి రానివ్వరు, చేతికో చొక్కాకో ఒక్క ఫేజ్ అంటుకొచ్చినా అక్కడి పంటంతా పోతుందని. ఆ గొడవెందుకని కణాల గదివాళ్ళూ అటు పోరు, మూణ్ణెల్లుగా అత్తకి ఫేజ్ అంటే ఫ్రిజ్‌లోకి వచ్చే ఒక చిన్న సీసా. అంతే.

ఆ గది టెక్నీషియన్ని అందరూ మీసాలయ్య అంటారు. మీసాల్లేవు. ఏనాడో ఉండేవట. అత్త వెళ్ళేసరికి ఆయన ఫ్లాస్కు పట్టుకుని ఊపుతున్నాడు. పల్చటి మజ్జిగలా మసగ్గా ఉన్న బ్యాక్టీరియా నీళ్ళు, ఫేజ్ వేసిన కొన్ని గంటలకి తేటగా అయిపోయాయి.

"చూశావా అక్కా, అన్నీ పగిలిపోయాయి. ఇహ వడకట్టి నీకు పంపడమే."

"వడకడితే ఏమేం పోతాయి?"

"బతికున్న బ్యాక్టీరియా పోతుంది."

"మరి పగిలినవాటి తుక్కు?"

"అదెక్కడికి పోతుంది, అందులోనే ఉంటుంది. జల్లెడకంటే సన్నం కదా." ఆయన ఇంకా ఊపుతూనే ఉన్నాడు. "మా బ్యాక్టీరియాకి అదేం లెక్క. వాటి చుట్టాలదేగా."

అత్త అక్కడే నిలబడిపోయింది. మూణ్ణెల్లుగా తాము చేసిన తప్పు కళ్ళముందు ఆడింది. ఒక డిష్‌లో ఫేజ్, ఇంకోదాంట్లో ఉత్త ఉప్పునీళ్ళు. తేడా వస్తే ఫేజ్ గొప్పే అనుకున్నారు. కానీ ఫేజ్‌తో పాటు సీసాడు బ్యాక్టీరియా తుక్కు కూడా పోస్తున్నారు. ఆ తుక్కు మనిషి కణాలకి విషంలాంటిది, చిటికెడు చాలు వాటికి నలత చెయ్యడానికి. ఫేజ్ గదివాళ్ళకి తుక్కుతో పనిలేదు కాబట్టి కడగలేదు. కణాల గదివాళ్ళు, అంత శుభ్రమైన మా స్పిరిటత్తతో సహా, సీసా పైన తుడిచారే గానీ లోపలేముందో అడగలేదు.

"నీకేమైందక్కా, కూర్చో" అన్నాడు మీసాలయ్య.

"బ్యాక్టీరియాని ఫేజ్ లేకుండా పగలగొట్టడం అవుతుందా?"

"మిషన్లో పెట్టి మోత మోగిస్తే పగులుతుంది. ఎందుకు?"

"పెట్టు. ఇంకో సీసాలో ఫేజ్‌ని తుక్కు లేకుండా కడిగి ఇవ్వు."

"దానికి రెండ్రోజులు పడుతుంది."

"నువ్వు మొదలుపెట్టు ముందు."

పీహెచ్‌డీ అమ్మాయికి చెప్తే ఆ పిల్ల మొహం పాలిపోయింది. పదిరోజుల్లో సార్ ఈ ఫలితాలు తీసుకుని పెద్ద సభకి వెళ్తున్నాడు.

"ఆంటీ, సభ అయ్యాక చేద్దాం."

"అయ్యాక ఎందుకు? అప్పటికి తుక్కు మందైపోతుందా?"

"సార్ నన్ను చంపేస్తారు."

"చంపితే నీ కణాలు కూడా నేనే పెంచుతాలే. చెయ్యి కడుక్కురా."

నాలుగు రకాలు పెట్టారు. ఉప్పునీళ్ళు. తుక్కు ఒక్కటే. తుక్కుతో ఫేజ్. కడిగిన ఫేజ్. ఒక్కోదానికి మూడేసి డిష్‌లు, మొత్తం పన్నెండు. ఏ డిష్‌లో ఏముందో అత్తకి తెలియకుండా ఆ అమ్మాయి అంకెలు వేసి, జాబితా తన దగ్గర పెట్టుకుంది. కొలిచే చెయ్యికి ఆశ ఉండకూడదని వాళ్ళ పద్ధతి. మా అత్త చేతికి ఆశ కాదు, రెండాశలున్నాయి, అదీ కష్టం. ఫేజ్ గెలవకపోతే మూణ్ణెల్ల పని మట్టి, ఆ పిల్ల ఏడుస్తుంది, మొగుడి ఆశ పోతుంది. ఫేజ్ గెలిస్తే మొగుడు ఆసుపత్రి గడప తొక్కడు. ఏది రావాలని కోరుకుంటున్నావత్తా అని అడిగితే, "తెలిస్తే నిద్రపట్టేది కదరా" అంది.

పన్నెండు గీతలు గీసింది. ఒక్కటి వంకరొచ్చింది. ఇరవయ్యేడేళ్ళలో మొదటిదట. ఆ డిష్ పారేసి మళ్ళీ వేసింది.

మర్నాడు ఫోటోలు తీశాక ఆవిడ ల్యాబ్‌లో కొలవలేదు. పెద్ద కాగితాల మీద అచ్చువేయించి ఇంటికి తెచ్చింది. ఆదివారం మధ్యాహ్నం. వంటింటి బల్లని తుడిచింది, ఆరకముందే ఇంకోసారి తుడిచింది, మావయ్యని కూర్చోబెట్టింది. నన్ను కూడా, సాక్షిగా. స్టీలు స్కేలు ఆయన చేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"మీరే కొలవండి. ఏది ఏదో నాకూ తెలీదు."

"నేనెందుకు?"

"నేను కొలిస్తే మీరు నమ్మరు. నా మొహం చూస్తారు."

మావయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదలుపెట్టినప్పుడు అన్నిట్లోనూ బాట అరవై మిల్లీమీటర్లు, కాగితం మీద. ఇప్పుడు ఎంత మిగిలిందో కొలవాలి. రోడ్డు వెడల్పు చూసి బండి పడుతుందో లేదో చెప్పిన కళ్ళాయనవి. ఒక్కోదానికి మూడుచోట్ల స్కేలు పెట్టి, వెనక పెన్సిల్‌తో రాశాడు. అత్త ఫ్రిజ్ దగ్గరికెళ్ళింది, కిటికీ దగ్గరికెళ్ళింది, వెనక్కొచ్చింది.

"నీడ పడుతోంది, అటు జరుగు" అన్నాడాయన.

అయ్యాక పీహెచ్‌డీ అమ్మాయికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

"చదవమ్మా."

"ఒకటో నెంబరు ఉప్పునీళ్ళాంటీ."

"తొమ్మిది మిగిలింది" అన్నాడు మావయ్య. "బాగా పూడింది."

"రెండోది తుక్కుతో ఫేజ్."

"ముప్పై రెండు." ఆయన గొంతులో హుషారొచ్చింది. "చూశావా?"

"మూడోది తుక్కు ఒక్కటే."

మావయ్య కాగితం తిప్పి చూశాడు. మళ్ళీ ముందుకి తిప్పి, స్కేలు పెట్టి ఇంకోసారి కొలిచాడు. "ఇరవయ్యారు" అన్నాడు.

అవతల ఆ పిల్ల జాబితా తిప్పిన చప్పుడు. తర్వాత చిన్నగా, "నాలుగోది కడిగిన ఫేజ్" అంది.

"పదిహేను."

మిగతా ఎనిమిదీ చదివినా, అటూ ఇటూగా అవే అంకెలు. లెక్క నాక్కూడా తెలిసిపోయింది. పనిలో ముప్పాతిక వంతు తుక్కు చేసింది. ఫేజ్ చేసింది ఇంత. లేదని కాదు. ఉంది. కానీ ఇంత.

"అంటే ఫేజ్‌కి కూడా కొంచెం ఉంది ఆంటీ" అంది ఆ అమ్మాయి, ఏడవలేక. "తొమ్మిదికీ పదిహేనుకీ తేడా ఉందిగా. మళ్ళీ చేసి చూడాలి."

"ఉందమ్మా. మళ్ళీ చేద్దాం. సార్‌కి రేపు నేనే చెప్తా, నువ్వు వెనక నిలబడు చాలు." ఫోన్ పెట్టేసింది.

మావయ్య ఇంకా ముప్పై రెండు కాగితం చేతిలోనే పట్టుకున్నాడు. దేనివల్ల అయితేనేం, ఆగింది కదా అన్నట్టు. దారికి అడ్డం పడింది దొంగైతేనేం, దొరైతేనేం. అది చూసి అత్త మొహం పడిపోయింది. ఇంత చేసినా ఈ మనిషి కదల్లేదని.

అప్పుడాయన అడిగాడు, మామూలుగా. "దీని మర్నాటి ఫోటో ఏది?"

"మర్నాడు తియ్యం."

"ఏం?"

"ఇరవైనాలుగు గంటలకే ఆపేస్తాం. ఎవరైనా అంతే."

"అదే, ఎందుకని?"

 ల్యాబ్‌వాళ్ళకి అది ఎంత మామూలంటే, ఎవరికైనా చెప్పాల్సిన సంగతని కూడా తట్టలేదు. "మర్నాటికి తేడా కనపడదండీ. అన్నీ పూడిపోతాయి."

"ఇది కూడానా?"

"అన్నీ."

మావయ్య ఆ కాగితాన్ని మిగతా పదకొండింటి మీద పెట్టాడు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు, చాలాసేపు.

"నేను ఆగిపోయాయనుకున్నానే" అన్నాడు. "సగంలో ఆగిపోయాయన్నావు ఆ రోజు."

"అన్నాను. తప్పుగా అన్నాను. ఆగలేదు. ఆలస్యమయ్యాయి."

"పల్లంలో బండి మెల్లగా దొర్లినా, చివరికి చేరేది కిందికే కదా."

"అంతే."

"ఆ ఎముకలోకి పాకినాయన. ఈ కణాలాయన. ఎన్నేళ్ళుంటాయి అప్పటికి?"

అత్త చెప్పకూడదనుకుంది, తెలుస్తూనే ఉంది. "మీ వయసే" అంది.

మావయ్య నా వైపు చూశాడు, జోకేమైనా వేస్తానేమోనని. నా దగ్గర లేదు. ఉంటే వేసేవాణ్ణే.

మర్నాడు సార్ మొదట అరగంట అరిచాడట, తర్వాత అరగంట ఎవరితోనూ మాట్లాడలేదట, సాయంత్రానికి సభలో చెప్పాల్సిన కాగితాల్లోంచి ఆ బొమ్మలు తీసేసి, "సభలో ఎవరో లేచి అడిగుంటే నా పరువేం కానమ్మా" అన్నాడట. మీసాలయ్య మాత్రం ఇప్పుడు ప్రతి సీసానీ కడుగుతున్నాడు, మా అత్తని తిట్టుకుంటూ. అవన్నీ మాకు తర్వాత తెలిసినవి. ఆ పొద్దున్న ఇంట్లో జరిగింది వేరు. పదిన్నరయ్యేసరికి మావయ్య తనే ఫోన్ తీసుకున్నాడు. అత్త చెయ్యి చాస్తే ఇవ్వలేదు.

"రద్దు చేసింది నేను. అడుక్కునేదీ నేనే."

క్లర్కు గొంతు మాకు వినిపిస్తూనే ఉంది. "మీరే కదండీ ఇంకో మందు దొరికిందన్నది?"

"దొరికిందనుకున్నానండీ."

"ఏమైంది దానికి?"

"మా ఆవిడ కడిగేసిందండీ."

అవతల ఆయనకి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా కంప్యూటర్లో టకటకలాడించాడు. పన్నెండో తారీఖు ఎవరికో ఇచ్చేశారు. దగ్గర్లో ఖాళీ లేదు. డాక్టర్ని అడిగి చెప్తానని లైన్లో పెట్టాడు. ఏదో సంగీతం. మావయ్య ఫోన్ చెవికి అంటించుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. 

"పద్దెనిమిది రోజుల తర్వాత ఒకటుంది. ఈలోగా మళ్ళీ ఒకసారి రక్తం ఇవ్వాలి. రాయమంటారా?"

"రాయండి."

"మళ్ళీ మనసు మార్చుకోరుగా?"

"నేను మార్చుకున్నా మా ఇంట్లో మారనివ్వరండీ."

పెట్టేశాడు. గోడ వైపు నుంచి తిరగలేదు. "ఈ పద్దెనిమిది రోజుల్లో అవి ఎంత దూరం పోతాయి?" అన్నాడు.

"డాక్టరు చెప్పాడుగా, పరిగెత్తే రకం కాదని."

"నేను డాక్టర్ని అడగట్లేదు, నిన్నడుగుతున్నా."

 ఈసారి మాట ఏదైనా ఒకటికి నాలుగుసార్లు చూసుకుని అనాలని అత్తకి తెలిసొచ్చింది. "నాకు తెలీదండీ" అంది చివరికి. "డిష్‌లో ఉన్నవైతే చెప్పగలను. మీలో ఉన్నవి ఎంత మెల్లగా పాకుతాయో నాకు తెలీదు. పోవనే అనుకుంటున్నా."

"అనుకుంటున్నావా?"

"అనుకుంటున్నా."

ఆయన తలూపాడు. ఆ మాట ఆయనకి సరిపోయినట్టుంది, లేదా అంతకంటే దొరకదని తెలిసినట్టుంది. ప్యాడ్లు ఏ సైజుల్లో వస్తాయో కనుక్కోమని నాకు పురమాయించాడు, ఎవరికీ చెప్పొద్దంటూ, వీధి గుమ్మంలో నిలబడి, వీధంతా వినపడేలా.

అత్త హాలు నుంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతోంది. ల్యాబ్‌కి అప్పటికే గంట ఆలస్యం.

"కాసేపు కూర్చోవే" అన్నాడు మావయ్య.

"కూర్చున్నాగా" అంది, నిలబడే.